నా రాట్నం ఆగని రెండు నెలలు

మా మగ్గాల వీధిలో ఏ ఆడమనిషి ఎప్పుడు బయట కూర్చుందో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. నెలసరి వస్తే మూడు రోజులు మగ్గం తాకకూడదు, నూలు తాకకూడదు, కండెలు చుట్టే రాట్నం తాకకూడదు. నా రాట్నం కీచుమంటుంది. ఎంత నూనె వేసినా ఆ కీచు పోదు. పొద్దున అది వినబడితే నేను ఇంట్లో ఉన్నట్టు, వినబడకపోతే గడప అవతల చాప మీద ఉన్నట్టు. నా ఒంటి సంగతి నాకు తెలిసేలోపే ఎదురింటివాళ్ళకు తెలిసిపోయేది.

మా అత్తగారి ఊరు కోడుమూరు దగ్గర. నేను పుట్టింది కడప జిల్లాలో, జమ్మలమడుగు వైపు. పదో తరగతి చదివాను, లెక్కల్లో తప్పాను, పెళ్ళిని మాత్రం తప్పించుకోలేకపోయాను. పెళ్ళయి ఐదేళ్ళు. పిల్లలు లేరు. నొప్పి ఉంది. చిలప నూలు చుట్టను గంజిలోంచి తీసి రెండు చేతులా పట్టి పిండుతారు చూడండి, నెలనెలా నా పొత్తికడుపును ఎవరో అలా పిండేవారు. మొదట్లో మూడు రోజులు పిండేవారు. తర్వాత వారం. తర్వాత నెలలో నొప్పి లేని రోజులే తక్కువయ్యాయి. మా అత్త దృష్టిలో అది జబ్బు కాదు, ఒళ్ళు వంగకపోవడం.

"మాకు రాలేదా నెలసరి, మే? మేము నేసినాం, కన్నాం, మళ్ళా నేసినాం" అనేది.

ఒకరోజు మగ్గం పక్కనే పడిపోతే మా ఆయన భయపడి కర్నూలు తీసుకెళ్ళాడు. అక్కడి లేడీ డాక్టరు స్కాను తీసి, తెల్లకాగితం మీద గర్భసంచి బొమ్మ గీసి చెప్పింది. లోపల ఉండాల్సిన పొర నాకు బయట కూడా పెరుగుతోందట. నెలనెలా అక్కడా రక్తం కారుతుంది, పోవడానికి దారి లేక గడ్డ కడుతుంది. దాని పేరు ఎండోమెట్రియోసిస్. మూడుసార్లు చెప్పించుకుని, నోరు తిరక్క చీటీ మీద తెలుగులో రాయించుకున్నాను. లోపలి రక్తం ముదిరి చాక్లెట్ రంగుకు వస్తుంది కాబట్టి ఆ గడ్డను చాక్లెట్ సిస్ట్ అంటారని కూడా చెప్పింది. చిన్నప్పుడు నాకెవరూ చాక్లెట్లు కొనిపెట్టింది లేదు. ఇన్నాళ్ళకి ఒకటి దొరికింది, అదీ అండాశయంలో.

"చూడమ్మా, ఈ మాత్ర పిల్లలు పుట్టడానికి కాదు, నొప్పికి. రోజుకొకటి, ఆరు నెలలు. నెలసరి ఆగొచ్చు. వేసుకున్నన్నాళ్ళు గర్భం రాదు. ముందు నువ్వు మనిషిలా నిలబడు. తర్వాత ఇది ఆపేసి పిల్లల కోసం చూద్దాం. నీకు ఇరవై ఐదే కదా" అంది.

బయటికొచ్చాక మా ఆయన నన్ను చూశాడు, నేను మా ఆయన్ని చూశాను. ఐదేళ్ళుగా మనవడి కోసం మొక్కని దేవుడు లేని ఇంట్లో, పిల్లలు పుట్టకుండా చేసే మాత్ర కోడలు రోజూ మింగుతోందని తెలిస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నాకు బిడ్డ కావాలి. నొప్పి లేకుండా నిటారుగా నిలబడడమూ కావాలి. మొదటిదాని కోసమే రెండోది అని మా అత్తకు చెప్పి ఒప్పించగలిగే తెలివి ఉంటే నేను లెక్కల్లో తప్పేదాన్నే కాదు.

"అమ్మకు చెప్పొద్దు. బలం మాత్రలనుకో" అన్నాడు మా ఆయన. మాత్రల అట్టలు తన పాత ఫోను కొన్నప్పటి ఖాళీ డబ్బాలో పెట్టి, డబ్బాను బీరువా మీద పెట్టాడు.

ఆ వారమే మా అత్త నన్ను డోన్ అవతల ఒక పల్లెకు పసరు మందు కోసం తీసుకెళ్ళింది. రేకుల షెడ్డు కింద పాతికమంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, సగానికి పైగా అత్తాకోడళ్ళ జోడీలే. మందిచ్చే పెద్దాయన్ని అందరూ సామి అంటారు. ఆయన నాడి పట్టడు, గోళ్ళు చూస్తాడు. నా గోళ్ళు చూసి మా అత్తతో మాట్లాడాడు.

"ఎన్నేండ్లాయె?"

"ఐదు, సామీ."

"నెలనెలా వస్తాండాదా?"

"వస్తాది సామీ, వస్తే పోదు."

"ఒళ్ళు శానా వేడి. గర్భసంచి కాగిపోయి ఉండాది. అందుకే నిలబడ్లా."

నేను ఉండబట్టలేక నోరు తెరిచాను. "సామీ, నాకు నొప్పి ఎక్కువగా..."

ఆయన మొదటిసారి నా మొహం చూశాడు. "పాపా, నొప్పి పోగొట్టుకునేకి వచ్చినావా, బిడ్డను అడుక్కునేకి వచ్చినావా?"

రెండింటికీ అనబోయాను. మా అత్త మోచేత్తో పక్కలో పొడిచింది. పొడిచిన చోటు కూడా సరిగ్గా నొప్పి ఉన్న చోటే.

"బిడ్డకే సామీ" అంది తనే.

"బిడ్డ పడితే నొప్పి దానంతటదే పోతాది."

పొట్లాలు ఇచ్చాడు. పొడిలో ఏముందో చెప్పలేదు. చెబితే మందు పనిచేయదట. అశోక చెక్క అని ఒకామె, పిల్లిపీచర గడ్డ అని ఇంకొకామె, లొద్దుగ చెక్క అని మూడో ఆమె షెడ్డు బయట తలా ఒకటి అన్నారు. నా నాలుకకు మాత్రం అది ఎండకు మాడిన కటిక చేదు మట్టిలాగే అనిపించింది. పొద్దున్నే తూర్పు తిరిగి మేకపాలల్లో తాగాలి. చింతపండు కూడదు, వంకాయ కూడదు, గోంగూర కూడదు. ఇంగ్లీషు మందు ముట్టనే కూడదు. చింతపండు లేకుండా రాయలసీమలో ఏం తింటారు? సంగటి, ఉప్పుపప్పు. మళ్ళీ సంగటి, ఉప్పుపప్పు.

సంగతి తెలిసి జమ్మలమడుగు నుంచి మా అమ్మ ఫోను చేసింది.

"వేడని ఎవరు చెప్పిర్యా నీకు? నీది సలవ ఒళ్ళు, పుట్టినప్పటినుంచి ఎరుగుదును. నువ్వులుండలు పంపిస్తాండా, దినానికి రెండు తిను. మీ అత్తకు కనపడనీయొద్దు."

ఆ విధంగా నేను పొద్దున ఒళ్ళు చల్లబడే పొడి తాగేదాన్ని, మధ్యాహ్నం ఒళ్ళు వేడెక్కే ఉండలు తినేదాన్ని, సాయంత్రం బీరువా మీద డబ్బా దింపించుకుని మాత్ర మింగేదాన్ని. ఎవరి మాటా తీసేయలేదు. అంత మంచి కోడలు, అంత మంచి కూతురు మా వీధిలో ఇంకొకరు లేరు.

మొదటి నెల కాస్త కనబడింది, రెండు రోజులు బయట కూర్చున్నాను. రెండో నెల అసలు కనబడలేదు. నొప్పి కూడా మెల్లగా జారుకుంది. ఒక పొద్దున లేచి నీళ్ళ బిందె ఎత్తాను. ఎత్తాక గుర్తొచ్చింది, నేను కడుపు పట్టుకోలేదని. మూడో నెల కూడా రాట్నం ఆగలేదు. రోజూ ముందుకంటే ఎక్కువ కండెలు చుట్టాను. నొప్పి లేదన్న సంతోషంలో చుడుతూ పోయానే గానీ, నా రాట్నం కీచును వీధంతా వింటోందన్న ఇంగితం నాకు లేకపోయింది.

ఒకరోజు పొద్దున మా అత్త వచ్చి రాట్నం చక్రాన్ని చేత్తో ఆపింది.

"లెయ్యి మే. ఇంక నువ్వు కండెలు చుట్టొద్దు."

"ఏమత్తా? ఏం తప్పు చేసినా?"

"తప్పు లేదు, ఏం లేదు. రెండు నెలలాయె నువ్వు బయట కూర్చోక. నాకు తెల్దనుకున్నావా? మూడు నెలలు నిండేదాకా ఎవురికీ చెప్పగూడదు. నువ్వు కూడా నోరు తెరవగాకు."

ఎవరికీ చెప్పగూడదని మా అత్త వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పి వచ్చింది. మా ఆయన కాళ్ళు దింపి కూర్చుని నేసే మగ్గం గుంటలోంచి ఒక్కసారి నన్ను చూసి, మళ్ళీ తల దించుకున్నాడు. ఆ రోజు ఆయన నేసిన అంచు వంకర పోయింది.

చెప్పేసి ఉండాల్సింది. అప్పుడే, అక్కడే. ఎందుకు చెప్పలేదని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను, నాకు వచ్చే జవాబు అంత గౌరవమైనది కాదు. పథ్యం ఎత్తేశారు. ఐదేళ్ళలో మొదటిసారి మా అత్త నాకు విస్తరి వేసి, వంకాయ పులుసు పోసి, ఎదురుగా కూర్చుని "ఇంకొంచెం ఏస్కో పాపా" అంది. అంతవరకు నేను 'మే'ని, ఆ రోజు పాపనయ్యాను. పప్పు, బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. నేను ఆపుతుంటే నా రాట్నం దగ్గర తనే కూర్చుని కండెలు చుట్టింది. నొప్పి లేదు, పని లేదు, పులుసు ఉంది. ఒక వారం నేను కడుపుతో ఉన్నదాని కంటే సుఖంగా ఉన్నాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఓళిగలు తిన్నాను.

అసలు మంచిపేరు వచ్చింది మాత్రం డోన్ సామికి. మా వీధిలో ఇద్దరు, పక్క వీధిలో ముగ్గురు ఆయన దగ్గరికి బయల్దేరారు. మా అత్త అరుగు మీద కూర్చుని బస్సు ఎక్కడ దిగాలో, మేకపాలు ఎవరింట్లో దొరుకుతాయో చెబుతూ ఉండేది, అచ్చం రిటైరైన నర్సులాగా.

ఎదురింట్లో ఒక పిల్ల ఉంది. పెళ్ళయి రెండేళ్ళు. నన్ను అక్కా అంటుంది. దానికీ నాలాంటి నొప్పే, దానిదీ ఆ లేడీ డాక్టరే. దాని గడ్డ నాదానికంటే పెద్దది, ఆపరేషన్ చేయాలని, ఆలస్యం చేస్తే అండాశయం దక్కదని చెప్పింది డాక్టరు. వచ్చే వారమే రమ్మంది. ఆ పిల్ల ఒకరోజు నవ్వుకుంటూ మా ఇంటికొచ్చింది.

"అక్కా, నాకూ పొట్లాలు తెచ్చినారు. ఆపరేషన్ వద్దన్నా. డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు కూడా మానేసినా. సామి ఇంగ్లీషు మందు ముట్టొద్దన్నాడు కదా."

నా నోట్లో ఓళిగ ముక్క ఉంది. దాన్ని బుగ్గన పెట్టుకున్నాను.

"మరి నొప్పి?" అన్నాను.

"ఉండాది. నువ్వు ఓర్చుకోలేదా? నేనూ ఓర్చుకుంటా."

తలుపు దగ్గరికి వేసి, చెవిలో చెప్పాను. నాకు కడుపు లేదని, నెలసరి ఆగింది మాత్ర వల్లనని, నొప్పి పోయింది కూడా దానివల్లేనని. ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నమ్మిందనుకున్నాను.

"ఏంటికక్కా ఇట్ల అబద్ధాలు చెప్తాండావు? నీకు పండింది. నాకు పండితే నీ సొమ్ము ఏం పోతాది?"

"నీ మీద ఒట్టు."

"నామీద ఎందుకు, నీ కడుపులో బిడ్డ మీద ఒట్టెయ్యి, అప్పుడు నమ్ముతా."

లేని బిడ్డ మీద ఎలా ఒట్టేయను? నేను నిలబడిపోతే, చూశావా అన్నట్టు నవ్వి వెళ్ళిపోయింది. నిజం చెబితే నమ్మేవాళ్ళు లేని స్థితికి నేనే వీధిని తెచ్చాను. ఒక్కటే దారి మిగిలింది. మా అత్త ముందు, వీధి ముందు చెప్పాలి. చెబితే పాపగా ఉన్న నా వారం రోజుల ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే ఆ పిల్ల అండాశయం పోతుంది.

మరుసటి రోజు పొద్దున మా పడుగు వీధిలో చాపారు. పడుగంటే చీరకు నిలువు పోగులు. వాటిని వీధి పొడుగునా లాగి కట్టి, గంజి పెట్టి, ఆరేలోపు కుంచెతో దువ్వాలి. వీధిలో వాళ్ళందరూ ఒక చేయి వేస్తారు. చేయి వేశాక మధ్యలో ఎవరూ వదలకూడదు. వదిలితే పోగులన్నీ అతుక్కుపోయి రెండు నెలల పని పాడవుతుంది. మా అత్త ఒక చివర పట్టుకుని ఉంది. ఎదురింటి పిల్ల మధ్యలో ఉంది. నన్ను అరుగు మీద కూర్చోబెట్టారు, కడుపుతో ఉన్నదాన్ని కదా. ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది. ఒక్కరు కూడా లేచి పోలేరు.

లోపలికెళ్ళి కుర్చీ వేసుకుని బీరువా మీది డబ్బా దింపాను. మాత్రల అట్ట పట్టుకుని పడుగు పక్కన నిలబడ్డాను. ఆ అట్ట ఊపుతూ గబగబా చెప్పేశాను. నాకు కడుపు రాలేదు, ఈ మాత్ర వేసుకుంటే నెలసరి ఆగుతుంది, మూడు నెలలుగా వేసుకుంటున్నాను, సామి పొడి వల్ల ఏమీ కాలేదు, ఎవరూ ఆపరేషన్లు మానుకోవద్దు, మాత్రలు మానుకోవద్దు.

కుంచెలు ఆగిపోయాయి. అందరూ మా అత్త వైపు తిరిగారు. ఆమె చేతులు పోగులు పట్టుకునే ఉన్నాయి. మొహం మాత్రం గంజిలో ముంచి తీసినట్టు తెల్లబడింది. నేను ఆమె నోటినుంచి ఏ తిట్టు వస్తుందో అని ఎదురుచూశాను.

"గంజి ఆరిపోతాండాది. దువ్వండి" అంది.

దువ్వారు. పడుగు చివరిదాకా దువ్వి, ఆరబెట్టి, చుట్టారు. చుట్టాక ఒకాయన మా ఆయన భుజం మీద చేయి వేసి, "ఏమప్పా, నీకు ముందే తెలుసునా?" అని అడిగాడు. మా ఆయన మగ్గం గుంటలోకి దిగిపోయాడు. ఆ రోజు అన్నానికి కూడా పైకి రాలేదు.

నాలుగు రోజులు మా అత్త నాతో మాట్లాడలేదు. చింతపండు మాత్రం దాచలేదు. ఐదో రోజు పొయ్యి దగ్గర, పొయ్యితో అన్నట్టుగా అంది:

"పొడి పనిచేయకపోవడమేంది? ఇంగ్లీషు మాత్ర అడ్డం పడె. అందుకే చెయ్యలా."

డోన్ సామి కూడా అదే మాట అన్నాడని తర్వాత తెలిసింది. ఆయన షెడ్డు కింద ఒక్క మనిషి కూడా తగ్గలేదు. నేను అనుకున్నంత నష్టం నిజం వల్ల ఎవరికీ జరగలేదు, తల ఎత్తకుండా కూర్చుని కూర్చుని మా ఆయనకు మెడ పట్టేసింది, అంతే.

ఎదురింటి పిల్ల మాత్రం పడుగు చాపిన రోజు సాయంత్రమే ఆసుపత్రి ఫైలు పట్టుకుని వచ్చింది. నన్ను తిట్టింది, ఏడ్చింది, "నాతో కర్నూలుకు వస్తావా?" అని అడిగింది. ఆసుపత్రికి వెళ్ళే రోజున చూస్తే మా అత్త కూడా ఉతికిన చీర కట్టుకుని బస్టాండులో నిలబడి ఉంది.

"నువ్వెందుకత్తా?"

"నువ్వు ఆడ ఏమేం చెప్తావో నేను వినొద్దా?"

డాక్టరు ముందు ఎదురింటి పిల్ల సంగతి అయ్యాక, మా అత్త కొంగులోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "అమ్మా, దీన్ని మీ మాత్రతో పాటు తాపొచ్చా?"

డాక్టరు విప్పి, వాసన చూసి పక్కన పెట్టింది. "ఇందులో ఏముందో తెలియకుండా నేనెలా సరే అంటానమ్మా? కొన్ని చెక్కలు, వేర్లు ఈ మాత్రకు పడకపోవచ్చు. కాలేయానికి దెబ్బ తగలొచ్చు."

"మీ మాత్రలో ఏముండాదో మాకు మాత్రం తెలుసునా?" అంది మా అత్త.

నేను కళ్ళు మూసుకున్నాను. డాక్టరు నవ్వింది. మాత్రల డబ్బాలోంచి మడతల కాగితం తీసి, మా అత్తకు తెలుగులో ఒక్కొక్కటే చెప్పింది. ఏముంది, ఏం చేస్తుంది, ఎవరు వేసుకోకూడదు, ఎప్పుడు ఆపాలి. మా అత్త అంతా విని, "ఇట్ల కాయితం రాసిచ్చి ఉంటే డోన్ సామిని కూడా అడిగేదాన్ని" అంది. అడిగేది కాదని నాకు తెలుసు. అయినా ఆమె అంత దూరం వచ్చిందని ఊరుకున్నాను.

ఆ పిల్లకు ఆపరేషన్ అయింది. అండాశయం దక్కింది. కడుపు ఇంకా రాలేదు, నొప్పి మాత్రం లేదు. నేను ఆరు నెలలు నిండాక డాక్టరుకు చెప్పి మాత్ర ఆపాను. ఇప్పుడు మా ఇంట్లో అందరికీ తెలిసే పిల్లల కోసం చూస్తున్నాం. కడుపు వస్తుందో రాదో డాక్టరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆపిన రెండో నెల నెలసరి వచ్చింది, దాంతోపాటు పాత నొప్పి కూడా. గడప అవతల చాప మీద ముడుచుకుని పడుకున్నాను. మా అత్త వచ్చి గడప మీద కూర్చుంది. ఒక చేతిలో వేడినీళ్ళ సంచి, ఇంకో చేతిలో పొట్లం.

"యాడ నొప్పి?" అంది.

చూపించాను. సంచి అక్కడ పెట్టింది. పొట్లం ముందుకు చాపింది.

"ఇది ఒక్కటే మిగిలిండాది. మాత్ర ఇప్పుడు లేదు కదా. తాగుతావా?"

"వద్దత్తా."

"ఏమీ కాదులే."

"ఏముండాదో తెల్దు కదత్తా."

మా అత్త పొట్లం విప్పి అందులోకి అదేపనిగా చూసింది. పారేయడానికి మనసు రాలేదు. డోన్ దాకా రెండు బస్సులు మారి తెచ్చింది మరి.

"నా మోకాళ్ళకన్నా పనికొస్తాదేమో" అని, వద్దత్తా అని నేను అరుస్తుండగానే తూర్పు తిరిగి నోట్లో వేసుకుంది.

అరవై ఏళ్ళ మనిషి మొహం ఆ చేదుకు పసిపిల్ల మొహంలా ముడుచుకుపోయింది. నవ్వితే నా కడుపులో నొప్పి రెండింతలయింది. అయినా ఆపుకోలేకపోయాను. మా అత్త కూడా నీళ్ళ చెంబు కోసం తడుముకుంటూ, "నవ్వు, నవ్వు. ఇంత చేదని ముందే చెప్పి ఉండొచ్చు కదా!" అంది.